తెర కింది మడమ

ఆమె చెయ్యి విరగ్గొట్టింది గడప కాదు. మీరు. ఫ్యాక్టరీ ఇస్త్రీ హాల్లో ఆ నీలం తెర కట్టించినవాళ్ళు మీరు. ఒక్కో కాలికి రెండే నిమిషాలు అన్నవాళ్ళు మీరు. అరవైమంది ఆడవాళ్ళ ఎముకల లెక్క ఒకే కాగితం మీద రాయించుకుని, వాళ్ళకి చూపించకుండా సొరుగులో పడేసి తాళం వేసుకున్నవాళ్ళు మీరు. ఆ కాగితం కింద తలొంచుకుని సంతకం పెట్టిన పిల్ల కూడా మీలో మనిషే. ఆమెని వదిలేసి ఈ కథ చెప్పడం కుదరదు. గడప ఏం చేసింది పాపం. జానెడు ఎత్తు. ఇరవై ఏళ్ళుగా అక్కడే పడి ఉంది, ఎవరినీ ఏమీ అనలేదు.

ఆ పొద్దు కూడా రోజూ తెల్లారినట్టే తెల్లారింది. ఇంట్లో ఒకటే అద్దం, ముగ్గురు ఆడవాళ్ళు. అన్నయ్య బస్సు నడుపుతాడు కాబట్టి చీకటితోనే వెళ్ళిపోయాడు. అమ్మా వదినా రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీలో ఇస్త్రీ హాల్లో పనిచేస్తారు. ఇద్దరిదీ ఒకే షిఫ్టు, ఒకే బల్ల వరస. అత్తాకోడళ్ళు ఇంట్లో పోట్లాడుకోడానికి టైము లేక అక్కడ పోట్లాడుకుంటారని అన్నయ్య వేళాకోళం ఆడేవాడు.

కూతురిది వేరే పని. ఆమె మడమలు కొలుస్తుంది. ఒక ఆరోగ్య సంస్థ ఆమెకి సూట్‌కేసంత యంత్రం ఇచ్చింది. దాన్ని మోసుకుని ఫ్యాక్టరీలకీ బడులకీ తిరుగుతుంది. యంత్రంలో పాదం పెట్టడానికి ఒక గుంట ఉంటుంది. మడమకి రెండు పక్కలా చల్లటి జెల్ రాసి కాలు అందులో పెడితే, చెవికి వినపడని శబ్దమొకటి ఎముకలోంచి ఇటునుంచి అటు పోతుంది. ఎముకలో ఖనిజం నిండుగా ఉంటే ఒకలా పోతుంది, గుల్లబారితే ఇంకోలా. దాన్నిబట్టి యంత్రం మీదున్న చిన్న అద్దంలో ఒక అంకె పడుతుంది. సున్నా చుట్టుపక్కల ఉంటే దిగుల్లేదు. మైనస్ రెండున్నర కిందికి దిగితే ఎముక బన్నురొట్టెలా అయిపోయినట్టే, వెంటనే పెద్దాసుపత్రికి పంపాలి. మడమనే ఎందుకంటే ఒళ్ళంతా మోసేది అదే. లోపల దూదిలాంటి ఎముక. అరుగుదల మొదలైతే అక్కడ తెలిసిపోతుంది.

ఆ పొద్దున కూతురు మంచం మీద కూర్చుని యంత్రాన్ని మెత్తటి గుడ్డతో తుడుస్తోంది.

"నీ బిడ్డని కిందకి దించి నువ్వు నాలుగు ముద్దలు తిను," అంది అమ్మ.

"రేపు పెళ్ళికొడుకొచ్చినా ముఖం చూడదత్తయ్యా," అంది వదిన, అద్దంలోంచే. "చెప్పు విప్పమంటుంది."

అందరూ నవ్వారు. కూతురు కూడా నవ్వింది. అమ్మ నవ్వుతూనే ఖాళీ గ్లాసులు పట్టుకుని వంటింటి గడప దాటింది. దాటలేదు. కాలు అందుకోవాల్సిన ఎత్తు అందుకోలేదు. ముందుకి తూలి, కుడి చెయ్యి నేలకి ఆన్చింది. అంతే. పెద్దగా పడిపోయింది కూడా కాదు, కూర్చున్నట్టుగా ఒరిగింది. కానీ ఎండుపుల్ల విరిగిన చప్పుడొకటి ముగ్గురికీ వినిపించింది.

ఆసుపత్రిలో ఎముకల డాక్టరు ఎక్స్‌రే ఫొటోని వెలుతురుకి పెట్టి చాలాసేపు చూశాడు. ఇంత చిన్న పాటుకి మణికట్టు రెండు చోట్ల విరక్కూడదన్నాడు. ఎముక గుల్లబారింది, ఎప్పుడైనా కొలిపించారా అని అడిగాడు.

"నేనే కొలిచానండీ," అంది కూతురు. "నెలయింది. బాగుందని వచ్చింది."

డాక్టరు ఆమె మెడలో వేలాడుతున్న గుర్తింపు కార్డు చూశాడు. "అయితే నీ యంత్రమన్నా అబద్ధం చెప్పి ఉండాలి. లేకపోతే నువ్వన్నా చూసి ఉండకూడదు," అన్నాడు. కోపంగా కూడా అనలేదు. అందుకే ఆ మాట ముల్లులా దిగింది.

పిండికట్టు వేసేదాకా అమ్మని తోపుడు మంచం మీద పడుకోబెట్టారు. దుప్పటి చాల్లేదు. పాదాలు రెండూ బయటికి ఉన్నాయి. కూతురు బెంచీ మీద కూర్చుని ఆ పాదాల కేసే చూస్తూ ఉండిపోయింది. రోజుకి యాభై కాళ్ళు చూసే మనిషి. అమ్మ కాళ్ళు చూసి ఎన్నాళ్ళయిందో లెక్క తేల్లేదు.

ఒకప్పుడు ఆమె లోకమంతా ఆ రెండు మడమలే. నాన్న పోయాక అమ్మ ఇంట్లో కుట్టుమిషను పెట్టుకుంది, కాలితో తొక్కేది. కూతురికి అప్పుడు నాలుగేళ్ళు. మిషను బల్ల కిందే ఆమె ఇల్లు. అక్కడే బొమ్మలు, అక్కడే నిద్ర. పైన అమ్మ ముఖం కనపడదు. గుడ్డ ముక్కలు మాత్రం వానలా రాలుతుంటాయి. ఎర్రవి ఒక కుప్ప, పువ్వులవి ఒక కుప్ప. కళ్ళ ముందు అమ్మ మడమలు లేస్తూ వాలుతూ, లేస్తూ వాలుతూ. ఆ టకటకలో నిద్రపట్టేది. మిషను ఆగితే మెలకువ వచ్చేసేది.

పని మధ్యలో అమ్మ ఎడమ మడమని నేలకేసి రెండుసార్లు తట్టేది. ఉన్నావా అని. కూతురు అరచేత్తో ఆ మడమ మీద రెండుసార్లు తట్టేది. ఉన్నా అని. మళ్ళీ టకటక మొదలయ్యేది. ఒక్క మాట లేకుండా రోజంతా అలా మాట్లాడుకునేవాళ్ళు.

ఒకరోజు ఆటలో ఆమె తల బల్ల కాలికి కొట్టుకుంది. అంచున పెట్టిన బొగ్గుల ఇస్త్రీపెట్టె జారింది. దాని మొన అమ్మ ఎడమ మడమకి బయటి పక్క తగిలింది. చర్మం కాలిన వాసన ఆమెకి ఇప్పటికీ తెలుసు. గుమ్మంలో ఎవరో కొలతలిస్తున్నారు. అమ్మ కెవ్వుమనలేదు. పళ్ళ బిగువున కొలతలన్నీ రాసుకుని, వాళ్ళని పంపించి, అప్పుడు నీళ్ళల్లో కాలు పెట్టింది. పెట్టి, బల్ల కింద దాక్కుని వెక్కుతున్న పిల్ల కోసం ఆ కాలుతోనే నేల మీద రెండుసార్లు తట్టింది.

ఆ మచ్చ అలాగే ఉండిపోయింది. నెలవంకలా, తెల్లగా. తోపుడు మంచం చివర ఇప్పుడు కూడా ఉంది. చుట్టూ పగుళ్ళు, పగుళ్ళలో ఇస్త్రీ హాలు మురికి, మధ్యలో ఆ నెలవంక.

తర్వాత మూడు రోజులు కూతురికి అన్నం సయించలేదు. ఆఫీసుకి వెళ్ళి యంత్రాన్ని పరీక్షించింది. దానితోపాటు కొలత సరిచూసుకోడానికి ఒక దిమ్మ ఇస్తారు, దాని అంకె ఎప్పుడూ మారకూడదు. మారలేదు. రెండోసారి పెట్టింది, మూడోసారి పెట్టింది. యంత్రం అబద్ధం చెప్పడం లేదు.

అప్పుడు తన పుస్తకం తీసింది. ఫ్యాక్టరీ వాళ్ళ కొలతలు రాసిన పేజీ. అమ్మ పేరుకి ఎదురుగా సున్నా పాయింటు మూడు. అమ్మ పక్క బల్ల కళ్ళద్దాలామెకి పాయింటు నాలుగు. ఆ వరసలోనే పనిచేసే పొడుగామెకి పాయింటు మూడు. యాభై దాటిన ఏడుగురు ఆడవాళ్ళూ ఇంచుమించు అంతే, పాతికేళ్ళ పడుచుల ఎముకలు. ఆ రోజే ఆమెకి వింతగా తోచింది. కానీ నిలబడి పనిచేసే వాళ్ళకి ఎముకలు గట్టిపడతాయని తనకి తనే సర్ది చెప్పుకుంది. ఆఫీసులో గొప్పగా చెప్పుకుంది కూడా. అయినా తప్పెక్కడుందో అంతుపట్టలేదు. తప్పు తనలో దొరకనప్పుడు మనిషి పక్కవాళ్ళలో వెతుకుతుంది. ఆమె కూడా అదే చేసింది.

ఆదివారం మధ్యాహ్నం. అందరూ ఇంట్లో ఉన్నారు. అమ్మ కట్టు కట్టిన చేతిని తలగడ మీద పెట్టుకుని మంచం మీద ఒరిగి ఉంది. వదిన అమ్మకి పాలు తెచ్చింది. కూతురు గ్లాసు వైపు చూసి, ఈ పాలు నెల రోజుల క్రితం ఏమయ్యాయని అడిగింది. నెల కింద గట్టిగా ఉన్న ఎముక ఇప్పుడు పుల్లలా ఎలా విరుగుతుందని, అమ్మ తిండి చూసేది ఎవరని అడిగింది. మాట మీద మాట పెరిగింది. హాల్లో పది గంటలు నిలబడి వచ్చి మళ్ళీ వంటింట్లో నిలబడేది ఎవరో, మడమలు కొలిచి వచ్చి మంచమెక్కేది ఎవరో వదిన గుర్తు చేసింది. అన్నయ్య ఎటు మాట్లాడితే ఏమవుతుందో తెలిసినవాడు కాబట్టి బూట్లకి పాలిష్ వేసుకుంటూ కూర్చున్నాడు.

"నా కొలతలో తప్పు లేదు," అంది కూతురు. "తప్పంటూ ఉంటే ఈ ఇంట్లోనే ఉంది. మా అమ్మని నువ్వు చూసుకోలేదు వదినా."

వదిన ఒంటికాలి మీద లేస్తుందనుకున్నాడు అన్నయ్య. లేవలేదు. గ్లాసు కింద పెట్టి, మూలనున్న యంత్రాన్ని తెచ్చి కూతురి ముందు దభాలున పెట్టింది. చెప్పు విప్పి ఎడమ కాలు గుంటలో పెట్టింది.

"కొలువు."

"ఇప్పుడిదేంటి?"

"కొలవవే. రెండు నిమిషాలేగా."

వద్దే, వదిలెయ్యి అని మంచం మీంచి అమ్మ అంది. ఎవరితో అందో తెలీలేదు. కూతురు జెల్ రాసింది, మీట నొక్కింది. యంత్రం గుర్రుమంది. అంకె పడింది.

సున్నా పాయింటు మూడు.

కూతురు ఆ అంకెని చూసింది. పుస్తకంలో కాస్త అటూ ఇటూగా ఏడుసార్లు రాసిన అంకె. వదిన పేరుతో కలిపితే ఎనిమిది. ఆమె ముఖంలో రంగు దిగిపోవడం అన్నయ్య కూడా చూశాడు. బ్రష్షు ఆపేశాడు.

"ఇప్పుడు తెలిసిందా, ఆ రోజు నువ్వు కొలిచిన మడమ ఎవరిదో," అంది వదిన. "చివర్లో ఇద్దరి వంతులు వెంటవెంటనే పడ్డాయి. తుడుచుకోడానికి గుడ్డ లేక, నువ్వు రాసిన జెల్ తడితోనే మళ్ళీ నీ చేతిలో కాలు పెట్టాను. తడిగా ఎందుకుందని కూడా అడగలేదు నువ్వు. ఆ తడి మీదే ఇంకాస్త రాశావు."

విషయం మెల్లగా బయటపడింది. కొలతలకి వారం ముందు సూపర్‌వైజరు నవ్వు ముఖంతో హాల్లోకి వచ్చి, అంకె తక్కువ వచ్చినవాళ్ళు ఇక హాయిగా ఇంటి దగ్గర విశ్రాంతి తీసుకోవచ్చన్నాడట. ఆ హాయి అంటే పనిలోంచి తీసెయ్యడమని పెద్దవాళ్ళకి తెలుసు. ఆ రోజు భోజనాల దగ్గర ఏడుగురూ తలలు దగ్గర పెట్టారు. హాల్లో అందరికన్నా గట్టి మనిషి ఎవరంటే వదిన. చిన్నప్పుడు మూడో అంతస్తుకి నీళ్ళు మోసిన కాళ్ళు. పైగా కాళ్ళు చూపించేది తెర కిందనుంచి. అటు పక్క బెంచీ, ఇటు పక్క యంత్రం. ముఖాలు కనపడకుండా ఉంటే కబుర్లు ఉండవు, పని త్వరగా అవుతుందని సూపర్‌వైజరే కట్టించాడు. పేరు రాసిన చీటీ తెర పైనుంచి వస్తుంది, కాలు కిందనుంచి వస్తుంది. చీటీ ఒకరిది, కాలు ఒకరిది అయితే ఎవరికి తెలుస్తుంది. వరస చెడకుండా మధ్యమధ్యలో వేరేవాళ్ళని పంపే ఏర్పాటు కళ్ళద్దాలామె చూసుకుంది.

"ఏడుగురు ముసలాళ్ళకి ఒకటే కాలు," అంది అమ్మ. నవ్వబోయి ఆగిపోయింది. "మీ వదినని ఏమీ అనకు. నేనే బతిమాలాను. అది వద్దంటే వద్దంది."

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"నీకెలా చెప్పనే. కాగితం కింద సంతకం పెట్టేది నువ్వు. చెప్తే నువ్వు అబద్ధమన్నా రాయాలి, లేకపోతే నన్ను ఇంటికి పంపే కాగితమన్నా రాయాలి. ఆ రెండూ నీ చేత చేయించలేక చెప్పలేదు." అమ్మ కాసేపు తన కట్టు కేసి చూసుకుంది. "ఇంట్లో కూర్చుని ఏం చెయ్యను చెప్పు. పదిహేనేళ్ళు ఆ బల్ల దగ్గరే నిలబడ్డాను. నాకు తెలిసిన మనుషులంతా అక్కడే ఉన్నారు."

కూతురు యంత్రాన్ని ఆపేసింది.

"ఒక మాట చెప్పనా," అంది అమ్మ. "నా చీటీ ఇచ్చి, దీని కాలు పంపి, తెర ఇవతల కూర్చున్నాను. నువ్వు పట్టేస్తావని నా భయం. నా మడమ నీకు తెలీకపోవడమేంటి, ముట్టుకోగానే ఇది మా అమ్మది కాదని లేస్తావు అనుకున్నా. ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నా. 'తర్వాత ఎవరు' అని పిలిచావు. గండం గడిచిందనుకున్నా." మంచి చేత్తో దుప్పటి అంచు సర్దుకుంది. "గడిచింది కదా. మరి ఆ సాయంత్రం ఎందుకో ఏడుపొచ్చింది."

అది విన్నాక కూతురు తట్టుకోలేకపోయింది. ఆమె వేళ్ళకి జ్ఞాపకం వచ్చింది. ఎడమ మడమ, బయటి పక్క. జెల్ రాసేది సరిగ్గా అక్కడే. అమ్మ పేరు చీటీ మీద చూసి కూడా, తన వేలితో సరిగ్గా అక్కడే, నెలవంక ఉండాల్సిన చోట, గుండ్రంగా రెండుసార్లు రాసింది. నున్నగా ఉంది. నున్నగా ఉందని కూడా తోచలేదు. అప్పటికే ఆమె కళ్ళు అంకె మీద ఉన్నాయి.

ఒక కాలు ఎనిమిదిసార్లు వచ్చినా చూళ్ళేదు. కన్నతల్లి కాలు రాకపోయినా చూళ్ళేదు. ఇన్ని మడమలు కొలిచి ఏం లాభం.

లేచి వంటింట్లోకి వెళ్ళి నీళ్ళు వేడి చేసింది. పళ్ళెంలో పోసి మంచం దగ్గర పెట్టి నేల మీద చతికిలబడింది. అమ్మ కాళ్ళు లోపలికి లాక్కుంది. పగుళ్ళన్నీ మురికి, వద్దే, సిగ్గుగా ఉందంది. కూతురు వినలేదు. ఎడమ పాదం నీళ్ళల్లో పెట్టి, పగుళ్ళలో మురికంతా బొటనవేలితో కడిగింది. ఎన్నేళ్ళ మురికో అది. అన్నయ్య లేచొచ్చి తువ్వాలు అందించాడు.

తుడిచాక నెలవంక బయటపడింది. చుట్టూ చర్మం ముడతలు పడింది కానీ అది మాత్రం ముడతపడలేదు. దాని మీద జెల్ రాసింది. పాదాన్ని గుంటలో పెట్టింది. మీట నొక్కబోతుంటే అమ్మ మడమ కదిలింది.

కదలకూడదమ్మా అనబోయి ఆగింది. అది కదలడం కాదు. రెండుసార్లు తట్టింది.

కూతురు అరచెయ్యి ఆ మడమ మీద పెట్టింది. రెండుసార్లు తట్టింది. తర్వాత తల అమ్మ మోకాలికి ఆనించి, మిషను బల్ల కింద ఏడ్చినట్టే ఏడ్చింది. అమ్మ మంచి చెయ్యి వచ్చి జుట్టు మీద పడింది. గుడ్డ ముక్కలు వానలా రాలిన ఆ ఇల్లు, ఆ టకటక, మిషను నూనె వాసన, అన్నీ ఒక్కసారి గదిలోకి వచ్చి వెళ్ళాయి.

అంకె పడింది. మైనస్ మూడు పాయింటు ఒకటి.

ఈసారి ఆమె ఏ కాగితం మీదా ఎక్కించలేదు. చిన్న చీటీ మీద రాసి, మడిచి, అమ్మ చేతిలో పెట్టింది. ఇది నీది, నీకు తప్ప ఎవరికీ చెప్పక్కర్లేదంది. మందులున్నాయని, డాక్టరు రేపు రమ్మన్నాడని, పోయిన ఎముక అంతా తిరిగి రాకపోయినా ఉన్నది నిలబెట్టుకోవచ్చని చెప్పింది.

తర్వాత వదిన వైపు తిరిగింది.

"తప్పయింది వదినా. నిన్ను అనరాని మాటన్నాను."

"అన్నావులే," అంది వదిన. ఇంకా ఒక కాలికి చెప్పు లేకుండానే నిలబడి ఉంది. "ముందు నా కాలికి జెల్ తుడువు. తొమ్మిదోసారి."

అన్నయ్య నవ్వాడు. అమ్మ కన్నీళ్ళతోనే నవ్వింది. కూతురు వదిన మడమని ఒళ్ళో పెట్టుకుని, ఆ ఎనిమిదిసార్లూ చూపించనంత శ్రద్ధగా తుడిచింది. తుడుస్తూనే ఆగిపోయింది.

"మిగతా ఆరుగురు," అంది.

అందరికీ ఒకే దృశ్యం కనిపించింది. ఆరుగురు ఆడవాళ్ళు తమ ఎముకలు గట్టివని కాగితం రాయించుకుని, పది గంటలు నిలబడి, సాయంత్రం మెట్లు దిగుతున్నారు. పొడుగామెకి నడుం నొప్పి మొదలై నెలయిందట. అది వయసు నొప్పి అనుకుంటోందట.

మంగళవారం పొద్దున షిఫ్టు గంట కొట్టకముందే ఆ ఇంటి ముగ్గురు ఆడవాళ్ళూ ఫ్యాక్టరీ గేటు దాటారు. మెడలో వేసిన గుడ్డలో చెయ్యి పెట్టుకుని అమ్మ ముందు నడిచింది. యంత్రం ఒక పక్క కూతురు, ఒక పక్క వదిన పట్టుకున్నారు. హాల్లో ఆవిరి ఇంకా మొదలవలేదు. ఆరుగురూ వాళ్ళని చూసి బల్లల దగ్గర్నుంచి ఒక్కొక్కరే వచ్చారు. పొడుగామె అమ్మ కట్టు ముట్టుకుని చూసింది. ఎవరికీ ఏమీ చెప్పాల్సిన అవసరం లేకపోయింది.

సూపర్‌వైజరు గాజు గదిలోంచి బయటికొచ్చాడు. అమ్మకి సెలవు కావాలంటే అర్జీ పెట్టుకోవచ్చని నవ్వుతూ అన్నాడు.

"సెలవు కోసం రాలేదండీ," అంది కూతురు. "నేనిచ్చిన కాగితం కోసం వచ్చాను. అందులో ఏడు అంకెలు తప్పు. సంతకం నాది, తప్పు నాది. మా ఆఫీసులో అదే రాసిచ్చి వచ్చాను, వాళ్ళు ఏం చేసినా పడతాను. కాగితం ఇచ్చెయ్యండి."

అతను 'అది ఫ్యాక్టరీ ఆస్తి' అనబోయాడు.

"మా ఎముకలు ఫ్యాక్టరీ ఆస్తి ఎప్పుడయ్యాయి బాబూ," అంది అమ్మ. చాలా మెల్లగా అంది. "కాగితం మా అమ్మాయికి ఇచ్చెయ్యి. అది మళ్ళీ కొలుస్తుంది, ఈ రోజే. ఎవరి చీటీ వాళ్ళ చేతికే ఇస్తుంది, నీ సొరుగుకి కాదు. అంకె తక్కువొచ్చిందని ఒక్క మనిషిని కూడా నువ్వు ఇంటికి పంపడానికి లేదు. తక్కువొచ్చిన వాళ్ళు మందులేసుకుని ఇక్కడే పనిచేస్తారు, కూర్చుని చేస్తారు. ప్రతి బల్ల దగ్గరా ఎత్తు కుర్చీ వెయ్యి. పదిహేనేళ్ళు నిలబడ్డాం, చాలు."

ఆవిడ బెంచీ మీద కూర్చుంది. చెప్పు విడిచి ఎడమ కాలు ముందుకి చాపింది. కడిగిన మడమ, పక్కన తెల్లటి నెలవంక, అరవైమందికీ కనపడేలా.

"ముందు ఆ తెర తియ్యి."